తారు అంటని బేళ్ళు

మామూలు రోజున క్యుబెక్ రేవు మెట్ల నుంచి నది మధ్యలో లంగరేసిన ఓడ దాకా పడవలో ఇరవై నిమిషాలు. మంగళవారం పొద్దున సరంగు తిబోకి రెండు గంటలు పట్టింది. లెక్క తేలని ఆ గంటా నలభై నిమిషాలకే అతన్ని జైల్లో వేశారు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టు నేలమాళిగలో అతని కాళ్ళకి చెక్కలు బిగించి, వాటి మధ్య చీలలు దిగ్గొడుతూ ప్రశ్నిస్తారు. ఒప్పుకుంటే ఉరి. ఒప్పుకోకపోతే ఒప్పుకునే దాకా చీలలు.

శనివారం తొమ్మిదిన్నరకి కోర్టు అమీనా గిల్దాస్ కెరొవాస్ ‘సెంత్ ఒదిల్’ ఓడ తాళ్ళ నిచ్చెన ఎక్కాడు. యాభై దాటిన మనిషి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు, ఏనాడో మంచులో కొరికిపోయాయి. అతని వెనకే అక్కడి వెండాట్ తెగకి చెందిన ఆడమనిషి ఒకామె చెయ్యి అందుకోకుండా తనంతట తనే ఎక్కి వచ్చింది.

“అమీనా గారూ, మీకు ఒంటిగంట దాకా టైముంది,” అన్నాడు కెప్టెన్ బిదార్, పలకరింపు కూడా లేకుండా. “ఒంటిగంటకి ఆటు మొదలవుతుంది. నీళ్ళతో పాటు నేనూ పోతాను. ఇంకో పది రోజులు ఆగితే ఈ నది గడ్డకట్టి నన్ను పోనివ్వదు.”

“జడ్జి గారు మీ ఓడని ఆపమనలేదు. నేనూ ఆపను. నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పండి చాలు.”

“నాలుగేనా?”

“నిజం చెబితే నాలుగే.”

కెప్టెన్ నవ్వలేదు. గడ్డంతో ఆడమనిషి వైపు చూపించాడు. “ఈవిడెవరు?”

“ఉర్సుల్. బీవర్ తోళ్ళ గురించి మీకూ నాకూ కలిపి ఎంత తెలుసో, ఈవిడకి అంతకి రెండింతలు తెలుసు.”

గొడవంతా పన్నెండు బేళ్ళది. గియ్యెమెత్ ఓబ్రి అనే విధవరాలు ఏడాది పొడుగునా వెండాట్ వాళ్ళ దగ్గర కొన్న బీవర్ తోళ్ళని పన్నెండు బేళ్ళుగా కట్టించి, ఫ్రాన్సుకి పంపడానికి ఈ ఓడ ఎక్కించింది. అన్నీ తొడిగిన తోళ్ళే. మనుషులు ఒకటి రెండు చలికాలాలు ఒంటికి చుట్టుకుంటే పై గరుకు వెంట్రుకలు రాలిపోతాయి, లోపలి మెత్తటి బొచ్చు ఒంటి చమురు పట్టి నిలుస్తుంది. టోపీలు చేసేవాళ్ళు ఎగబడేది వాటికోసమే. గురువారం కళాసీలు బేళ్ళు సర్దుతుంటే ఒకదాని మూల చిరిగి ఇసక రాలింది. విప్పి చూశారు. పన్నెండింటిలో నాలుగు బేళ్ళ నిండా పనికిరాని దుప్పి తోలు ముక్కలు, ఇసక. మీద సీసపు ముద్రలు మాత్రం చెక్కుచెదరలేదు.

గియ్యెమెత్ కెప్టెన్ మీద దావా వేసింది. కెప్టెన్ పడవవాడి మీదకి నెట్టాడు. పడవవాడికి తన కింద నెట్టడానికి ఎవరూ లేకపోయారు.

“తిబో పడవ ఇక్కడికి ఎన్నింటికి చేరింది?”

“తొమ్మిదికి. చర్చి గంట విన్నాను.”

“ఏడింటికి రేవులో బయలుదేరాడు. దారిలో పొగమంచు కమ్మిందనీ, ఇసకతిన్నె పక్కన ఆగిపోయాననీ అంటున్నాడు.”

“అంటాడు. అక్కడే సరుకు మార్చేశాడని జడ్జి గారూ అంటున్నారు.”

“మీరేమంటారు? ఆ పొద్దున మీకు పొగమంచు కనబడిందా?”

కెప్టెన్ కాసేపు నదివైపు చూశాడు. “నా ఓడ ముక్కు నాకే కనబడలేదు.”

“ఈ మాట కోర్టులో చెప్పలేదే?”

“ఎవరూ అడగలేదు.”

  రెండు రోజులుగా ఒక మనిషి మెడ ఆ జవాబు మీద వేలాడుతోంది. జవాబు ఉన్నవాడికి అడిగేవాడు కావలసి వచ్చాడు.

“మూడో ప్రశ్న. మంగళవారం సరుకు ఎక్కాక, గురువారం బేలు విప్పేలోపు, సరుకుగదిలోకి బయటివాళ్ళు ఎవరైనా దిగారా?”

“బుధవారం, సరుకు తూచి ముద్రలేసే కాటాకొట్టు నుంచి ముద్రలు చూసుకోడానికి వచ్చారు. ఏటా వచ్చేదే. రెండింటికి దిగారు, మూడున్నరకి పోయారు.”

“ఎవరొచ్చారు?”

“మీ తోటి అమీనాయే. వెరాక్. ఇద్దరు కూలీలు.”

“ముద్రలు చూడ్డానికి గంటన్నర పట్టిందా? దానికి కూలీలు దేనికి?”

“నా పని నీళ్ళతో అమీనా గారూ, సీసంతో కాదు.”

“మీరు వాళ్ళతో కిందికి దిగలేదు.”

“అది ప్రశ్నేనా?”

“నాలుగోది.”

“దిగలేదు,” అన్నాడు కెప్టెన్. “ఆయన నాకోసం మంచి బ్రాందీ సీసా తెచ్చాడు. నేను నా గదిలో ఉన్నాను.”

* * *

సరుకుగదిలో రెండు లాంతర్లు వెలిగించి ఇచ్చి కళాసీ పైకి పోయాడు. తలెత్తితే దూలం తగిలేంత పైకప్పు. ఎడమ గోడ వారగా గియ్యెమెత్ బేళ్ళు పన్నెండు, విప్పిన నాలుగింటినీ మళ్ళీ వదులుగా చుట్టి అక్కడే పెట్టారు. కుడి గోడ వారగా బ్లేజ్ మార్సోలే బేళ్ళు పది. మార్సోలే ఊళ్ళోకల్లా పెద్ద తోళ్ళ వర్తకుడు. జడ్జి బెల్కూర్‌కి స్వయానా బావమరిది. అన్ని బేళ్ళకీ ఒకే రకం గోనె, ఒకే రకం తాడు. తాడు ముడికి యజమాని గుర్తు చెక్కిన చిన్న చెక్కబిళ్ళ, బిళ్ళ దారం మీద సీసపు ముద్ర. ఇది ఎవరి బేలు అని చెప్పేది ఆ బిళ్ళ ఒక్కటే.

గిల్దాస్ మోకాళ్ళ మీద కూచున్నాడు. నిన్న జైల్లో తిబో చెప్పిన సంగతుల్లో పనికొచ్చేది ఒక్కటే, అదీ తిబో పనికొస్తుందని చెప్పలేదు. “నా పడవని ఇసకలో బోర్లా పడెయ్యకండి అయ్యా. సోమవారమే లోపలంతా తారు పూశాను. ఈ చలికి ఆరలేదు. మట్టి అంటుకుంటే పాడైపోతుంది,” అని బతిమాలాడు. తన ప్రాణం గురించి అంతగా బతిమాలలేదు. అతనిది అడుగు చదునుగా ఉండే పడవ. పన్నెండు బేళ్ళనీ ఒకదాని పక్కన ఒకటి అడుగునే పరిచాడు, ఒకదాని మీద ఒకటి పెట్టలేదు. ఆ సంగతి రేవులో చూసినవాళ్ళు ముగ్గురు చెప్పారు.

“ఆ చివర పట్టుకో ఉర్సుల్. తిరగెయ్యాలి.”

మొదటి బేలు అడుగున అరచేతి వెడల్పున నల్లటి తారు పట్టీ. ఇంకా వేలికి అంటుకుంటోంది. రెండో దానికీ ఉంది. మూడు, నాలుగు. ఉర్సుల్ ఒక్కొక్కటీ దొర్లించింది. ఎనిమిదింటికి తారు ఉంది. దుప్పి తోళ్ళు దొరికిన నాలుగింటి గోనె మాత్రం నాలుగు వైపులా శుభ్రంగా ఉంది.

“ఇవి ఆ పడవ ఎక్కలేదు,” అంది ఉర్సుల్.

“ఎక్కలేదు. అంటే తిబో తెచ్చిన పన్నెండులో నాలుగు ఇంకెక్కడో ఉన్నాయి.”

ఇద్దరూ ఒకేసారి కుడి గోడవైపు చూశారు.

మార్సోలే బేళ్ళు సోమవారమే ఓడ సొంత పడవలో వచ్చాయి. ఆ పడవకి తారు పూసి రెండేళ్ళయి ఉంటుంది. గిల్దాస్ మొదటి వరస దొర్లించాడు. శుభ్రం. వెనక వరస లాగాడు. చెయ్యి కిందికి పోనిచ్చి తడిమి, వెలుతురులోకి తెచ్చుకున్నాడు. మూడు వేళ్ళూ నల్లగా అయ్యాయి.

అలాంటివి నాలుగు. సరిగ్గా నాలుగు.

బేళ్ళు ఓడలోంచి బయటికి పోలేదు. ఇసక నింపిన నాలుగింటిని మార్సోలే ముందే తన పేరు మీద ఎక్కించాడు, తర్వాత కూలీల చేత బేళ్ళని అటూ ఇటూ మార్పించి చెక్కబిళ్ళలు మార్చేశారు. ఓడ ఫ్రాన్సు చేరితే గియ్యెమెత్ తోళ్ళు మార్సోలే సరుకుగా దిగుతాయి. దానికి చెయ్యాల్సిందల్లా ఎనిమిది ముద్రలు కోసి, ఎనిమిది కొత్త ముద్రలు నొక్కడం. గిల్దాస్ లాంతరు నేలకి దించి చెక్కల సందులు వెతికాడు. రెండో సందులో మెరిసింది. కత్తితో పైకి తీశాడు. సగానికి కోసిన సీసపు ముద్ర. దాని మీద కాటాకొట్టు గుర్తు సగం కనబడుతోంది, దారం పోగు ఇంకా పట్టుకునే ఉంది.

సీసం ఎవరైనా కోస్తారు. కొత్తది నొక్కాలంటే మాత్రం పట్టకారు కావాలి. ఆ పట్టకారు ఊరంతటికీ ఒకటే. కాటాకొట్టులో తాళం కింద ఉంటుంది. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది.

“ఏం దొరికిందేమిటి, పెద్దాయనా?”

ఫ్లోరిమోన్ వెరాక్ నిచ్చెన దిగి వస్తున్నాడు. ముప్పై రెండేళ్ళవాడు. కోర్టులో గిల్దాస్‌తో సమానమైన పదవి, మెడ దగ్గర అంతకి మించిన లేసు. అతని వెనక ఎవరూ లేరు. గిల్దాస్ ముద్రముక్కని పిడికిట్లోనే ఉంచుకున్నాడు.

“తొందరగా వచ్చావే,” అన్నాడు. “నేను ఓడెక్కి గంట కూడా కాలేదు.”

“నీ గురించి దిగులేసింది. ఈ వయసులో నిచ్చెనలు అవీను.” వెరాక్ దొర్లించిన బేళ్ళకేసి చూశాడు. ఒక్క క్షణం చూపు అక్కడే ఆగిపోయింది. “కుడివైపు సరుకు మార్సోలే గారిది. నీ ఉత్తరువులో గియ్యెమెత్ బేళ్ళు చూడమని ఉంది. చదవడం వచ్చు కదా నీకు?”

“వచ్చు. గియ్యెమెత్ బేళ్ళే చూస్తున్నాను. నాలుగు కుడివైపు ఉన్నాయి, నేనేం చెయ్యను?”

“బిళ్ళ మీద ఎవరి గుర్తుందో చూడు.”

“బిళ్ళకంటే తారు నమ్మకమైనది. దాన్ని ఎవరూ పట్టకారుతో నొక్కలేరు.”

వెరాక్ మొహంలో రంగు మారలేదు. గొంతు మాత్రం తగ్గింది. “జాగ్రత్త. జడ్జి గారి బావమరిది సరుకు మీద ఉత్తరువు లేకుండా కత్తి పెడితే దాన్ని ఏమంటారో తెలుసా? దొంగతనం అంటారు.”

“బుధవారం నువ్వు గంటన్నర ఇక్కడేం చేశావు?”

“ముద్రలు చూశాను.”

“ఇరవై రెండు బేళ్ళు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. అంత ప్రేమగా చూశావా?”

“నా పని నేను శ్రద్ధగా చేస్తాను. అందుకే నువ్వు ఇరవై ఏళ్ళకి చేరినచోటికి నేను నాలుగేళ్ళలో చేరాను.”

గిల్దాస్ కత్తి తీశాడు. తారు అంటిన బేళ్ళలో ఒకదాని తాడుని ఒక్క వేటుకి తెంపి, గోనె చీల్చాడు. లాంతరు వెలుగులో తోళ్ళు నిగనిగలాడాయి. మెత్తగా, చమురుగా, పొగ వాసనతో. తొడిగిన తోళ్ళు. గిల్దాస్ నిచ్చెన వైపు తలెత్తి కెప్టెన్‌ని పిలిచాడు. కెప్టెన్ సగం మెట్లు దిగి అక్కడే నిలబడ్డాడు.

“చూడు ఉర్సుల్. నీకు తెలిసినవి ఉన్నాయేమో.”

ఆమె తోళ్ళు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టింది. ఐదారు తోళ్ళు చదరంగా కోసి కలిపి కుట్టిన దుప్పట్లవి. ఒక్కోదాని అంచు వేళ్ళతో తడుముతూ పోయింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, లోపలివైపు తిప్పి, భుజం మీదకి వచ్చే చోట ఒక అతుకు చూపించింది. తోలు అక్కడ వేరే రంగులో ఉంది.

“ఇది నేను కుట్టిందే. జింక నరంతో. నేను రెండు రంధ్రాలు దగ్గరగా పెట్టి మూడోది ఎడంగా పెడతాను. మా అమ్మ అలాగే కుట్టేది.”

“నువ్వే కుట్టావని ఎవరు చెప్పాలి?” అన్నాడు వెరాక్. “మీ వాళ్ళందరూ ఒకేలా కుడతారు.”

ఉర్సుల్ అతన్ని చూడలేదు. “ఈ అతుకు ఎందుకు వేశానో చెప్పనా? ఇక్కడ నిప్పురవ్వ పడి కాలింది. మా ఆయన నిద్రలో పొయ్యి దగ్గరికి దొర్లాడు. రెండు చలికాలాలు తొడుక్కున్నాడు దీన్ని. వేసవిలో మశూచి వచ్చి పోయాడు. ఆగస్టులో మొక్కజొన్న పిండి కోసం దీన్ని గియ్యెమెత్ కొట్టులో ఇచ్చాను. ఆవిడ అతుకు చూసి, దీన్ని కూడా తీసుకోవాలా అంది. తీసుకోమన్నాను.”

 పైన ఎవరో తాడు లాగుతున్న చప్పుడు.

గిల్దాస్ చూపు తిప్పుకున్నాడు. కుర్రతనంలో అడవుల్లో తిరిగి తోళ్ళు కొన్న రోజుల్లో అతనూ ఇలాంటి దుప్పట్లు మనుషుల భుజాల మీద నుంచే బేరం చేసి ఒలిపించుకున్నాడు. బయట మంచు పడుతున్నా సరే. అప్పుడు అతుకులు చూసి ధర తగ్గించాడు గానీ, అక్కడెందుకు పడిందని ఏనాడూ అడగలేదు.

“గియ్యెమెత్ కొట్లో ఇచ్చావో, మార్సోలే గారికి ఇచ్చావో,” అన్నాడు వెరాక్ నెమ్మదిగా. “ఆకలి మీద ఉన్న మనిషికి ఎవరికిచ్చిందీ ఏం గుర్తుంటుంది?”

“ఆకలి మీద ఉన్నవాళ్ళకే గుర్తుంటుంది,” అంది ఉర్సుల్.

గిల్దాస్ లేచి నిలబడ్డాడు. “వెరాక్, పట్టకారు తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. బుధవారం అది కొట్టులోంచి బయటికి వచ్చిందా లేదా అన్నది జడ్జి ముందు చెప్పు. ఈ నాలుగు బేళ్ళూ జడ్జి ముందే విప్పుతాను.”

అతను అరుస్తాడనుకున్నాడు గిల్దాస్. వెరాక్ మాత్రం జేబులోంచి చేతిగుడ్డ తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. వేళ్ళకి ఏమీ అంటలేదు.

“నిజమే,” అన్నాడు. “ఇక్కడ మనిద్దరం కొట్టుకోవడం దేనికి? ఓడ పోతే సాక్ష్యమూ పోతుంది. ఒడ్డుకి తీసుకురా పెద్దాయనా. నువ్వే, నీ చేతుల మీదుగానే తీసుకురా. నేను అడ్డు రాను.”

నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు. అతని పడవ తెడ్ల చప్పుడు ఓడ పక్కన మొదలై దూరమైంది. పదకొండు గంట కొట్టారు.

* * *

“ఆ బేళ్ళు ఇక్కడే ఉంటే మేలు,” అన్నాడు కెప్టెన్. “జడ్జినే ఇక్కడికి తీసుకురండి.”

“మీరు ఆగుతారా?”

“ఒంటిగంట దాకా.”

“ఆయన్ని భోజనం దగ్గర నుంచి లేపడానికే గంట పడుతుంది. మీరు ఆటుకి ఆగరు, ఆయన నాకోసం లేవడు. దించక తప్పదు. మీ పడవ ఇవ్వండి.”

కెప్టెన్ తల గోక్కున్నాడు. చివరికి సరేనన్నాడు. గిల్దాస్ కాగితం ముందుకు పెట్టాడు. “రెండు ముక్కలు రాసివ్వండి. మంగళవారం పొగమంచు ఉందని ఒకటి. బుధవారం వెరాక్ ఇద్దరు మనుషులతో గంటన్నర కింద ఉన్నాడని ఒకటి.”

“నాలుగు బేళ్ళు అమీనా గిల్దాస్ కెరొవాస్ స్వయంగా దించుకున్నాడని రాస్తాను. సంతకం పెడతాను. అంతే.”

“నోటితో చెప్పినవాడివి చేత్తో రాయలేవా?”

“వచ్చే ఏడాది నేను మళ్ళీ ఇదే రేవుకి రావాలి. అప్పుడు నా సరుకుకి ముద్రలు వేసేది ఎవరు, మీరా?” కెప్టెన్ కలం సిరాలో ముంచాడు. “నేను చెడ్డవాణ్ణి కాదు అమీనా గారూ.”

“తెలుసు. చెడ్డవాడివైతే నీతో పని సులువయ్యేది.”

పన్నెండుంపావుకి పడవ బయలుదేరింది. నలుగురు కళాసీలు తెడ్లు వేస్తున్నారు. బేళ్ళు మధ్యలో పెట్టారు. ఉర్సుల్ విప్పిన బేలు పక్కనే కూచుంది, కానీ మొగుడి దుప్పటిని మళ్ళీ ముట్టుకోలేదు.

“ఇది నీకు తిరిగి ఇప్పించలేను,” అన్నాడు గిల్దాస్. “అది గియ్యెమెత్ సొత్తు. కేసు గెలిస్తే ఆవిడ పంపేస్తుంది.”

“తెలుసు.”

“మరి ఎందుకొచ్చావు?”

“ఆ తిబో ప్రతి వసంతంలో మమ్మల్ని ఆవలి ఒడ్డుకి దాటించేవాడు. తుపాకి ఉన్నవాళ్ళని ముందు ఎక్కించుకునేవాడు కాదు, వరసలో ఎవరుంటే వాళ్ళనే ఎక్కించుకునేవాడు.” ఆమె నీళ్ళకేసి చూసింది. “అది చాలదా?”

గిల్దాస్ మనసులో టైము లెక్క కట్టుకున్నాడు. పన్నెండూ ముప్పైఅయిదుకి రేవు. ఒంటిగంటకి జడ్జి గారి ఇల్లు. మూడింటి లోపు ఉత్తరువు. నాలుగింటికి వెయ్యాల్సిన చెక్కలు వెయ్యరు. ఈ లెక్కలో ఎక్కడా పొరపాటు కనబడలేదు. ఇరవై ఏళ్ళ అనుభవంలో అలాంటి లెక్కలే అతన్ని ఎక్కువ భయపెట్టాయి.

రేవు దగ్గరపడుతుండగా మెట్ల మీద మనుషులు కనబడ్డారు. ఆరుగురు సిపాయిలు. వాళ్ళ ముందు వెరాక్. పక్కన కోర్టు గుమస్తా లుబాఁ, చంకలో తోలు సంచి.

జడ్జిని పిలుచుకొచ్చాడేమో అని వెతికాడు గిల్దాస్. జడ్జి లేడు. నాలుగు బేళ్ళు మోయడానికి తుపాకులెందుకు? అప్పటికి గాని అతనికి వెరాక్ మాటలు పూర్తిగా వినబడలేదు. నీ చేతుల మీదుగానే తీసుకురా.

“పడవ ఆపండి,” అన్నాడు.

“ఆపితే మా ఓడ పోతుంది,” అన్నాడు తెడ్డువాడు, ఆపకుండానే.

గిల్దాస్ జేబులోంచి సగం ముద్ర తీసి ఉర్సుల్ చేతిలో పెట్టాడు. “దీన్ని గియ్యెమెత్‌కి తప్ప ఎవరికీ ఇవ్వకు. ఎక్కడ దొరికిందో చెప్పు. వెంటనే వెళ్ళు.”

 ఆమె దాన్ని నోట్లో వేసుకుని బుగ్గలో దాచుకుంది.

పడవ మెట్లకి తగలగానే సిపాయిలు దిగారు. ఇద్దరు బేళ్ళని మెట్ల మీదకి లాగేశారు, ఇద్దరు గిల్దాస్ రెక్కలు పట్టుకుని దింపారు. కళాసీలు పడవని వెనక్కి నెట్టుకుని ఓడవైపు తెడ్లు వేసేశారు. ఉర్సుల్ మెట్లెక్కుతుంటే ఒక సిపాయి అడ్డం వచ్చాడు.

“పోనీ దాన్ని,” అన్నాడు వెరాక్. “వెండాట్ వాళ్ళతో మనకి పనిలేదు.”

ఆమె వాళ్ళ మధ్య నుంచి నోరు మూసుకుని నడిచి వెళ్ళిపోయింది.

“ఏమిటిది?” అన్నాడు గిల్దాస్.

“నీ జేబులో కాగితం ఉండాలి.” వెరాక్ అతని కోటులోంచి కెప్టెన్ రాసిచ్చిన రసీదు తీశాడు. బిగ్గరగా చదివాడు. “నాలుగు బేళ్ళు, అమీనా గిల్దాస్ కెరొవాస్ స్వయంగా దించుకున్నాడు. సంతకం కూడా ఉంది. నాకు ఇంత పని తగ్గిస్తావనుకోలేదు. లుబాఁ, చదవవయ్యా.”

గుమస్తా సంచిలోంచి కాగితం తీశాడు.  పదేళ్ళుగా గిల్దాస్‌తో ఒకే బల్ల మీద రొట్టె తిన్న మనిషి. తలెత్తకుండా చదివాడు.

“సరంగు తిబో ఒప్పుకోలు. బేళ్ళు మార్చింది తనేననీ, ఈ పనికి తనని పురిగొల్పినవాడు కోర్టు అమీనా గిల్దాస్ కెరొవాస్ అనీ, అసలు తోళ్ళు నాలుగు బేళ్ళు ఓడలోనే వేరేవాళ్ళ గుర్తులతో దాచామనీ, శనివారం సదరు అమీనా సోదా పేరుతో వెళ్ళి వాటిని దించుకుంటాడనీ...”

“విచారణ నాలుగింటికి,” అన్నాడు గిల్దాస్.

“ముందుకి జరిపారు,” అన్నాడు వెరాక్. “పదకొండున్నరకి. జడ్జి గారి ఉత్తరువు మీదే.”

“ఎన్నో చీలకి నా పేరు చెప్పాడు?”

 గుమస్తా చెప్పాడు. “ఆరోదానికి. ఎవరు, ఎవరు అని అడిగారు. ముందు ఎవరూ లేరన్నాడు. ఆ తర్వాత, జైలుకి వచ్చి నాతో మాట్లాడినవాడు ఆయనొక్కడే అన్నాడు. దాన్నే... అలా రాయమన్నారు.”

గిల్దాస్‌కి కోపం రాలేదు. నిన్న ఆ చీకటి కొట్లో తిబో పక్కన గంటసేపు కూచున్నాడు. ఆ మాత్రం దయ చూపినవాడి పేరొక్కటే అతనికి అందింది. నొప్పిలో చెయ్యి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది.

“లుబాఁ, నా వైపు చూడు. సంతకం ఎన్నింటికి పెట్టాడు?”

“పన్నెండింటికి.”

“పన్నెండింటికి బేళ్ళు ఓడ మీదే ఉన్నాయి. వాటిని దించుతానన్న సంగతి పదకొండింటికి ముందు నాకే తెలీదు. అప్పుడు అక్కడ ఉన్నది నలుగురం. నేను, కెప్టెన్, ఉర్సుల్, ఇదిగో ఈ మనిషి. మరి నేలమాళిగలో ఉన్న తిబోకి ఎలా తెలిసింది? జడ్జి ముందు తిబోని నిలబెట్టండి. అందరి ఎదురుగా ఆ ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ తర్వాత నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి.”

సిపాయిల్లో ఒకడు వెరాక్ కేసి చూశాడు. వెరాక్ రసీదుని నాలుగు మడతలు పెడుతున్నాడు.

“చెప్పు లుబాఁ,” అన్నాడు.

గుమస్తా కాగితాన్ని సంచిలో పెట్టాడు. సంచి మూత ముడి వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, పడలేదు.

“తిబోని నిలబెట్టలేరు గిల్దాస్,” అన్నాడు. “సంతకం పెట్టిన కాసేపటికే పోయాడు. నేను సిరా ఆరబెడుతున్నాను, అప్పుడే.”